మూడో అంతస్తు ప్రింటర్

దమ్రి నూడిల్స్ గిన్నెలోకి నిమ్మచెక్క పిండడానికి తల వంచాడు. ఆ తల మళ్ళీ పైకి లేవలేదు.

ఇంటి మెట్లను రాసుకుంటూ ఒక పూలపడవ కాలువలో ముందుకు వెళ్ళిపోయింది. అందులో తాటాకు టోపీ పెట్టుకున్న ముసలావిడ, ఆవిడ ఒళ్ళో బంతిపూల గంప, గంపలో సైలెన్సర్ బిగించిన పిస్తోలు. మలుపు తిరగగానే ఆ ముసలావిడ టోపీ విసిరేసి, లుంగీ పైకి ఎగ్గట్టి, దిట్టమైన మగవాడిగా మారి సిగరెట్ వెలిగించింది. మనుషులు ఎంత తేలిగ్గా మారిపోతారో, చూసినవాళ్ళు కూడా నమ్మరు.

దమ్రి దొంగచాటుగా ఆయుధాలు చేరవేసే ‘నీలి పీత’ అనే విదేశీ ముఠాకి ఏళ్ల తరబడి గుమాస్తాగా ఉండి, చివరికి ప్రాణభయంతో ప్రభుత్వం పక్కకి వచ్చినవాడు. థాయ్ దేశంలో, థోన్‌బురిలోని ఆ కాలువ ఇంట్లో అతన్ని దాచిన సంగతి వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందికే తెలుసు. అతన్ని దాచమన్న ఆర్డరు ఒక్క కాపీ టైపు చేశారు. చేత్తో పట్టుకెళ్ళారు, చదివారు, కాల్చేశారు. అయినా పూలపడవ ఎవర్నీ దారి అడక్కుండా తిన్నగా ఆ మెట్ల దగ్గరికే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఒక కూరన్నం కొట్లో, బల్ల కింద మోకాలు ఆడిస్తూ ఒక మనిషి కూర్చున్నాడు. పుట్టుకతో ఆగని మోకాలది. అసలు పేరు వేరే ఏదో ఉంది కానీ, తల్లి పెట్టిన ముద్దుపేరు కోప్, అంటే కప్ప. రహస్య శాఖలో అతనికి మించిన ఏజెంటు లేడు, అతనికి మించిన తొందరమనిషీ లేడు. ఈ ఉదయం అతని చెంప మీద కొత్తగా ఒక పుట్టుమచ్చ వెలిసింది. దాని మీద పొడుగ్గా వెంట్రుకలు. అదృష్టపు వెంట్రుకలని ఎవరూ కత్తిరించుకోరు కాబట్టి, చూసేవాళ్ళు మచ్చ చూస్తారు తప్ప మొహం గుర్తుపెట్టుకోరు.

ఎదురుగా ఒక లావుపాటి పెద్దమనిషి పళ్ళెంతో వచ్చి కూర్చున్నాడు.

“ఈ పులుసులో చింతపండు ఏ ఊరిదో?” అన్నాడు కోప్.

“మా అత్తగారి ఊరిది. అందుకే ఇంత పులుపు,” అన్నాడు కర్నల్ ప్రసోప్. అదీ కోడ్.

“సర్, దమ్రి...”

“తిను ముందు. తింటూ విను. మన దగ్గర ఇంక మిగిలిన సాక్షి ఒక్కతే. బువాసాయ్.”

కోప్ మోకాలు ఆగిపోయింది. బువాసాయ్ నీలి పీత ఓడలో వంటమనిషి. ముఠా నాయకుడి మొహం చూసి బతికున్నది ఆవిడ ఒక్కతే. చేపల బుట్టలో కూర్చోబెట్టి ఆవిడని ఓడ దింపింది కోపే. బుట్టలోనించే ఆవిడ అతన్ని తిట్టింది, “మెల్లగా మొయ్యవయ్యా, నేనేమన్నా ఎండుచేపనా?” అని. తరవాత చెయ్యి పట్టుకుని, “కోర్టులో వాడి మొహం చూపించడం నా వంతు. నన్ను అక్కడిదాకా ప్రాణాలతో చేర్చడం నీ వంతు,” అంది. కోప్ సరేనన్నాడు.

“మధ్యాహ్నం కోర్టు. మన మనిషి మూ ఆవిడని పడవలో తీసుకొస్తున్నాడు. ఫోనుల్లోంచి కబురు పోతోందేమోనని ఆ పడవలో ఫోను గానీ రేడియో గానీ పెట్టలేదు. ఆర్డరు ఇవాళ పొద్దున్నే టైపు అయింది. పడవ బయలుదేరిపోయింది.”

“అంటే మధ్యలో ఆపడానికి లేదు.”

“లేదు. నువ్వు ఆఫీసుకెళ్ళు. కంప్యూటర్ రిపేరువాడివి. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టినప్పట్నుంచి మన టైపిస్టు జియప్ పెద్దమ్మ గోల భరించలేకపోతున్నాం. టైపు చేస్తే అక్షరాలు ఆలస్యంగా వస్తున్నాయట. ఆ వంకతో అక్కడ ఎవరు ఏం చేస్తున్నారో చూడు.” కర్నల్ ముక్కుకి పెట్టుకుని పీల్చే కర్పూరపు గొట్టం ఒకటి బల్ల మీద దొర్లించాడు. “ఎడమ ముక్కుకి పెట్టుకుంటే నీ మాట నాకు వినిపిస్తుంది. కుడి ముక్కుకి పెట్టుకుంటే నా మాట నీకు వినిపిస్తుంది.”

“రెండు ముక్కులకీ పెట్టుకుంటే?”

“జలుబు తగ్గుతుంది. వెళ్ళు.”

రహస్య శాఖ ఆఫీసు బయటికి ఆర్కిడ్ పూల రైతుల సంఘం. రెండంతస్తుల చెక్క ఇల్లు, పైన రేకుల కప్పు, ఆ రేకుల మీద పావురాలు. లోపలికెళ్ళే ప్రతివాడూ గుమ్మం దగ్గర తట్టలో ఫోను పెట్టేసి వెళ్ళాలి. కోప్ కూడా పెట్టాడు.

మేడ మీద గదిలో జియప్ పెద్దమ్మ కీబోర్డు ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. జియప్ అంటే కోడిపిల్ల. జుట్టు నెరిసినా ఆవిడ ఇంకా కోడిపిల్లే.

“వచ్చావా నాయనా! ఇదిగో చూడు.” ఆవిడ వేళ్ళు కీబోర్డు మీద వానలా కురిశాయి. తెర మీద ఏమీ లేదు. ఆవిడ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి దింపింది. అప్పుడొచ్చింది మొదటి అక్షరం. కాసేపటికి రెండోది. “నా పెళ్ళికొచ్చిన చుట్టాలు కూడా ఇంతకంటే ముందే వచ్చారు.”

“మీ టైపు సాఫ్ట్‌వేర్ మరీ పాతది పెద్దమ్మా. కొత్తది పెట్టించుకోరాదూ?”

“అందరూ అదే మాట. ఒక్క రోసరిన్ పిల్లే మంచిది. ‘వద్దు పెద్దమ్మా, మీ చేతికి అలవాటైంది, అలాగే ఉంచండి, కొన్నాళ్ళకి అదే సర్దుకుంటుంది’ అంటుంది.”

రోసరిన్! ఆ పేరు వినగానే కోప్ మచ్చ మీది వెంట్రుకలు కూడా సర్దుకున్నాయి. ఆమె నవ్వితే ట్రాఫిక్ పోలీసు చెయ్యి దించడం మర్చిపోతాడని శాఖలో చెప్పుకునేవారు. ఆఫీసులో కొత్త సిస్టమ్ పెట్టింది ఆమే. నీలి పీతలో చేరినట్టు నటిస్తూ లోపలి కబుర్లు మోసుకొచ్చేదీ ఆమే. ముఠా ఆమెని తమ మనిషే అనుకుంటోందని కర్నల్‌కి ఎంత సంతోషమో.

కోప్ పనిలో పడ్డాడు. రిపేరు వేషం కదా అని ఊరికే తెరలు తెరిచి మూసేవాడు కాదు. చేతికి పని దొరికితే అంతు చూడకుండా వదలడు. పాత సాఫ్ట్‌వేర్‌ని పాత సిస్టమ్‌లో ఉన్నట్టే నడిపించే సెట్టింగు పెట్టి చూశాడు. లాభం లేదు. తెర మీది సోకులూ, కదిలే బొమ్మలూ అన్నీ ఆపేశాడు. లేదు. అక్షరదోషాలు పట్టుకునే సేవకుణ్ణి పనిలోంచి తీసేశాడు. వైరస్ కాపలాదారుణ్ణి కాసేపు నిద్రపుచ్చాడు. కీబోర్డు మార్చాడు. అక్షరం మాత్రం ఎద్దుబండిలోనే వస్తోంది. గోడ గడియారం మాత్రం పరిగెడుతోంది. ఏటి మీద పడవ. పడవలో బువాసాయ్. ఇక్కడ తాను కీబోర్డులు మారుస్తున్నాడు! బల్ల కింద మోకాలు కుట్టుమిషను తొక్కినట్టు ఆడుతోంది.

“బల్ల ఊగుతోంది నాయనా,” అంది పెద్దమ్మ. “కాస్త ఎరుపు సోడా కొనుక్కొచ్చి ఇంటి దేవత గూడు ముందు నైవేద్యం పెట్టనా?”

“పెట్టండి. నాకూ ఒకటి.” అతను పరీక్షకి ఒక పేజీ ప్రింటు తీద్దామనుకున్నాడు. ప్రతిసారీ పక్కనున్న చిన్న ప్రింటర్‌ని ఎంచుకోవలసి వస్తోంది. విసుగొచ్చి, ఎప్పటికీ అదే ఉండేలా మార్చేశాడు. “ఏదన్నా కొట్టండి పెద్దమ్మా.”

ఆవిడ కొట్టింది. అక్షరాలు చప్పున వచ్చి పడ్డాయి. వేలు ఎత్తేలోపు తెర మీద అక్షరం! ఆవిడ ఆనందం పట్టలేక ‘అక్షరాలు పరిగెడుతున్నాయి, జియప్ మళ్ళీ పడుచుదైంది’ అని కొట్టి, ప్రింటు కూడా తీసింది.

“ఏ మంత్రం వేశావు?”

“ఏమీ లేదు. ప్రింటర్ మార్చానంతే.”

“మరి ఇంతకుముందు ఏది ఉండేది?”

కోప్ వెనక్కి వెళ్ళి చూశాడు. ఆ పేరు పైకి చదివాడు. “మూడో అంతస్తు, మూల గది.”

ఇద్దరూ ఒకేసారి తల పైకెత్తారు. ఇంటికి ఉన్నవే రెండంతస్తులు. పైన రేకులు, పావురాలు.

అప్పుడు కోప్‌కి అర్థమైంది. ఆ పాత సాఫ్ట్‌వేర్‌కి ఒక చాదస్తం ఉంది. ప్రతి అక్షరం తెర మీద పెట్టే ముందు, ఇది కాగితం మీద ఎంత చోటు పడుతుందని ప్రింటర్‌ని అడుగుతుంది. కూరలో చిటికెడు ఉప్పు వెయ్యడానికి కూడా పక్కింటికి పోయి అడిగొచ్చే మనిషిలాంటిదన్నమాట. ప్రింటర్ పక్కనే ఉంటే జవాబు వెంటనే వస్తుంది. ఆ ప్రింటర్ ఊరవతల ఎవరి చేతుల్లోనో ఉంటే? పెద్దమ్మ కొట్టిన ప్రతి అక్షరమూ వాళ్ళింటికి వెళ్ళి, కూర్చుని, కనిపించి, తిరిగొస్తుంది. అందరూ కొత్త సిస్టమ్‌ని తిట్టారు. ఆలస్యం అక్షరానిది కాదు, దాని ప్రయాణానిది.

“పెద్దమ్మా, పొద్దున ఆర్డరు కొట్టినప్పుడు అక్షరాలు ఎలా వచ్చాయి?”

“ఎలా వస్తాయి? దేక్కుంటూ.”

గొట్టం ఎడమ ముక్కుకి వెళ్ళింది. “సర్, బువాసాయ్ ఏ రేవులో దిగుతుందో వాళ్ళకి తెలుసు.” సంగతంతా ఊపిరాడకుండా చెప్పాడు. గొట్టం కుడి ముక్కుకి మారింది.

“మఖాం రేవు,” అంది కర్నల్ గొంతు. “ఈ పూట అక్కడ సంత. పూలమ్మేవాళ్ళే వందమంది ఉంటారు. వాళ్ళలో పిస్తోలు ఎవరి గంపలో ఉందో ఎలా పట్టను?”

కోప్ బుర్ర చకచకా తిరిగింది. “వాళ్ళనే ఖాళీ చోటికి రప్పిద్దాం సర్. బాంగ్ ఫైలో మూతపడ్డ బియ్యం మిల్లు రేవుంది. పడవ అక్కడికి మారిందని కొత్త ఆర్డరు కొట్టిస్తాను. దొంగ ప్రింటర్ చదువుకుంటుంది. పడవలో రేడియో లేదన్న సంగతి వాళ్ళకి తెలీదు కాబట్టి నమ్ముతారు. మీ మనుషుల్ని అక్కడికి పంపండి.”

“కొట్టించు. తొందరగా!”

అతను దొంగ ప్రింటర్‌ని మళ్ళీ దాని సింహాసనం మీద కూర్చోబెట్టాడు. బాగుచేసిన రోగాన్ని తన చేత్తోనే తిరగబెట్టడం అతనికిదే మొదలు.

“కొట్టండి పెద్దమ్మా. ‘రక్షకుడు...’ తరవాత పేరు. ఎప్పుడూ ఎలా రాస్తారో అలాగే. తేడా వస్తే వాళ్ళు పసిగడతారు.”

పెద్దమ్మ వేళ్ళు గాల్లో ఆగాయి. “మూ.”

“మూ అని ఆర్డర్లో రాస్తారా? అసలు పేరు!”

“మూ అసలు పేరు... మూ.”

మూ అంటే పంది. ఆ బక్కపల్చటి మనిషిని పుట్టినప్పట్నుంచీ ఊరంతా పందీ అనే ముద్దుగా పిలుస్తోంది. ఒకే గదిలో కలిసి ముసలివాళ్ళయినా పక్కవాడి అసలు పేరు తెలియని కొలువులే ఆ ఊళ్ళో అన్నీ.

“పొద్దున మీరే కొట్టారు కదా!”

“కొట్టాను. చదవలేదు. కొట్టేదల్లా చదివితే నేనీ పాటికి పిచ్చాసుపత్రిలో ఉండేదాన్ని. ఆ చీటీ కాల్చేశాం. అయినా అంత పొడుగు పేరు నాకెలా గుర్తుంటుంది?”

కోప్ కింది అంతస్తుకి పరిగెత్తాడు. వంటావిడని అడిగాడు. “మూ పేరా? మూయే!” కాపలావాణ్ణి అడిగాడు. “పంది అన్నకి వేరే పేరుందా?” అని వాడు ఎదురడిగాడు. మెట్లెక్కుతూ గొట్టం ముక్కున పెట్టుకున్నాడు.

“నేనూ మూ అనే పిలుస్తానయ్యా,” అన్నాడు కర్నల్. “వాళ్ళావిడకి ఫోను చేశాను. ఆవిడా మూ అనే అంటుంది. పెళ్ళి సర్టిఫికెట్ వెతుకుతోంది. బీరువా తాళం మూ జేబులో ఉందట!”

ఆ పడవకీ రేవుకీ మధ్య ఇంక ఎంత నీరు మిగిలిందో! కోప్ చెమటకి మచ్చ జారుతోంది. వేలితో అదిమిపెట్టుకున్నాడు.

“ఏమిటీ హడావిడి?” గుమ్మంలో రోసరిన్. పట్టు బ్లవుజు, చెవులకి ముత్యాలు, చేతిలో రెండు ఐసు కాఫీలు. “కాఫీ తెచ్చాను పెద్దమ్మా. ఇంజనీరుగారూ, మీరూ తీసుకోండి. పాపం, ఎలా చెమట పట్టిందో!”

“కాఫీ ఉండనీ తల్లీ,” అంది పెద్దమ్మ. “ఇవాళ పడవలో వెళ్ళాడే మూ, వాడి అసలు పేరేమిటో ఎవరికీ తెలియక చస్తున్నాం.”

“థనక్రిత్ సువన్‌ఖీరి,” అంది రోసరిన్, కాఫీలో స్ట్రా గుచ్చుతూ.

“ఆఁ! అదే! అదే పేరు!” పెద్దమ్మ టకటకా కొట్టేసింది.

కోప్ మాత్రం కదల్లేదు. మోకాలు కూడా కదల్లేదు. వాడితో పదేళ్ళు అన్నం తిన్నవాళ్ళకి తెలియని పేరు. కట్టుకున్న పెళ్ళానికి నోటికి రాని పేరు. అది ఎక్కడన్నా రాసుందంటే ఆర్డర్లలోనే, అవి చదివి కాల్చేసే మనుషుల్లో రోసరిన్ లేదు. పాత సాఫ్ట్‌వేర్ తీసెయ్యొద్దన్నది ఆమె. కొత్త సిస్టమ్ పెట్టింది ఆమె. లేని మూడో అంతస్తు కట్టిందీ ఆమే.

అతను నవ్వి కాఫీ అందుకున్నాడు. “భలే గుర్తండీ మీకు.”

“అందం ఉన్నవాళ్ళకి తెలివి ఉండకూడదా?” అంది ఆమె.

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే దేక్కుంటూ వచ్చాయి. బాం... గ్... ఫై. ఆమె ఓరకంట చదివింది. ఆ ఆలస్యం చూసి ఆమెకి అనుమానమే రాలేదు. ఆలస్యమే ఆమె ధైర్యం. ఆర్డరు చివరి చుక్క దాకా వెళ్ళింది. అంతా చేరిందో లేదో చూద్దామని కోప్ కీబోర్డు ఇంగ్లీషులోకి మార్చి ఒక కమాండు కొట్టాడు. చేరింది.

ఉక్కపోతగా ఉంది. రోసరిన్ విసురుకోవడానికి ప్రింటర్ తట్టలోంచి ఒక కాగితం తీసింది. విసురుకుంది. విసురుకుంటూ చదివింది. ‘అక్షరాలు పరిగెడుతున్నాయి...’

విసరడం ఆగింది. పరిగెత్తిన అక్షరాలు మళ్ళీ దేకుతున్నాయంటే, తన ప్రింటర్‌ని ఎవరో పసిగట్టి, తీసి, తిరిగి పెట్టారన్నమాట.

ఆమె సంచిలోంచి లిప్‌స్టిక్ తీసి మూత విప్పింది. లోపల రంగు లేదు, చిన్న నల్లటి రంధ్రం ఉంది. దాన్ని పెద్దమ్మ చెంపకి ఆనించింది.

“ఇందులో ఒకే తూటా. పెద్దమ్మ ఒక్కతికి చాలు. ఇంజనీరుగారూ, గోడ దగ్గరికి.”

“అమ్మాయ్, నీకు నేను మామిడిపండు అన్నం కూడా పెట్టానే!” అంది పెద్దమ్మ.

“చాలా బాగుంది పెద్దమ్మా. మాట్లాడకండి.”

ఆమె ఫోను గుమ్మం దగ్గర తట్టలో ఉంది. దానికోసం వెళ్ళాలంటే ఈ ఇద్దర్నీ వదిలి వెళ్ళాలి. ముఠాకి కబురు పంపడానికి మిగిలిన దారి తాను వేసిందే. నిలబడే, ఎడమచేత్తో కీబోర్డు మీద ‘మోసం, మఖాం రేవుకే వెళ్ళండి’ అని గబగబా కొట్టింది. తెర మీద కొత్త అక్షరం ఒక్కటీ లేదు. ఆమెకి తెలుసు, వస్తాయి. తాను పెట్టిన ఆలస్యమే కదా.

వచ్చాయి. ఒకటి. రెండు. మూడు. ఒక్కటీ థాయ్ అక్షరం కాదు. అన్నీ ఇంగ్లీషువి, మధ్యలో చుక్కలు, కొక్కేలు. పిల్లి కీబోర్డు మీద నడిచినట్టు. భాష మార్చే కీ నొక్కడం మర్చిపోవడం ఆ ఊళ్ళో ప్రతివాడూ రోజూ చేసే తప్పే. కాకపోతే మామూలు మిషను మీద మొదటి అక్షరానికే తెలిసిపోతుంది. ఇక్కడ మొత్తం వాక్యం అయిపోయాక తెలిసింది.

రోసరిన్ నోటినించి ముత్యాలకి సరిపడని మాట ఒకటి వచ్చింది. భాష మార్చింది. మళ్ళీ మొదలుపెట్టింది. ‘మో’ ... తెర మీద ఇంకా పాత చెత్తే వస్తోంది. ఒక్క క్షణం ఆమె కళ్ళు పెద్దమ్మని వదిలి తెరకి అతుక్కుపోయాయి.

బల్ల పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డ కోప్‌కి ఆ క్షణం చాలు. ఆడడం తప్ప ఏమీ తెలియని మోకాలు ఒక్కసారి ముందుకు దూసుకెళ్ళింది. పాదం బల్ల కిందున్న నెట్‌వర్క్ వైరుని గోడలోంచి పీకేసింది. అదే క్షణాన పెద్దమ్మ ఐసు కాఫీ గ్లాసు ఎత్తి పట్టు బ్లవుజులోకి వొంపింది. రోసరిన్ కెవ్వుమంది. తూటా పైకి పోయి రేకుల్లో చిల్లి పెట్టింది. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి.

రోసరిన్ చేతులు వెనక్కి కట్టేసరికి తెర మీద రావలసిన ‘మో’ రానే లేదు. వైరు ఇవతలే ఆగిపోయింది.

ఇక మిగిలింది ఎదురుచూపు. గొట్టం కుడి ముక్కున పెట్టుకుని కోప్ గదిలో ఈ గోడనించి ఆ గోడకి తిరిగాడు. గొట్టంలో బరబర తప్ప మాట లేదు. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని పెదాలు కదుపుతోంది. కట్టేసిన రోసరిన్ కూడా చెవి ఇటే పెట్టింది.

“బాంగ్ ఫై,” అంది చివరికి కర్నల్ గొంతు. “కొనే మనిషే లేని రేవుకి పూలపడవలు వరసగా వచ్చాయి. గంపలతో సహా పట్టుకున్నాం.”

“బువాసాయ్?”

“మూ పడవ మఖాంలో దిగింది. ఆవిడ కోర్టు దారిలో ఉంది.”

కోప్ మెట్ల మీదనించి దూకుతున్నట్టే పరిగెత్తాడు. మోటారు సైకిలు టాక్సీ వెనక కూర్చుని, ఆ టాక్సీవాడి భుజాలు గుద్దుతూ కోర్టు మెట్ల దగ్గర దిగాడు. అప్పుడే మూ చెయ్యి పట్టుకుని బువాసాయ్ మెట్లెక్కుతోంది. మంచి చొక్కా తొడుక్కుంది, తల నున్నగా దువ్వుకుంది.

“చేరుస్తానన్నవాడివి ఇప్పుడా వచ్చేది?” అంది. “ఆ చెంపకేమైంది, సగం మచ్చ వేలాడుతోంది?”

“దారిలో... కొంచెం ఆలస్యమైందమ్మా.”

“సరే, చెమట తుడుచుకో. నేను లోపలికి పోయి వాడి మొహం చూపించి వస్తాను.” ఆవిడ లోపలికి వెళ్ళింది. సాక్షి ఇంక రాదన్న ధీమాతో, వేరే పేరుతో, బియ్యం ఎగుమతిదారుగా, వెనక వరసలో దర్జాగా కూర్చున్న ఒక పెద్దమనిషి ముందు ఆగింది. వేలు చూపించింది. నీలి పీత అక్కడితో నడక మర్చిపోయింది.

వారం తిరక్కుండా మూడో అంతస్తు ప్రింటర్‌ని మిషనులోంచి పూర్తిగా తుడిచేశారు. పాత సాఫ్ట్‌వేర్ పెద్దమ్మ పట్టుమీద అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఆవిడ వేలు పడకముందే అక్షరం పడుతోంది. ఆర్డర్లు ఇంత త్వరగా వస్తున్నాయని తెలిశాక కర్నల్ ప్రసోప్‌కి కొత్త హుషారొచ్చింది. పొద్దున ఒక ఆర్డరు, టిఫిన్ అయ్యాక దానికి సవరణ, భోజనానికి ముందు ఆ సవరణ రద్దు.

అసలు మొహంతో కోప్ పలకరించడానికి వెళ్తే, పెద్దమ్మ కీబోర్డు మీదనించి చేతులు తియ్యకుండానే అంది: “మిషను రోగం కుదిర్చావు నాయనా, నీ చేతికి బంగారు మురుగులు తొడగాలి. ఆ కర్నల్‌గారికి ఏ వైరు పీకాలో అది కూడా చెప్పి వెళ్ళు.”